నొప్పి తెలియని చెయ్యి

మస్తాన్‌బీకి పొద్దున్నుంచి విసుగ్గానే ఉంది. ఇప్పుడు ఊళ్ళో అందరి చెవి వెనకా అతికించుకున్న సెరటోనిన్ బిళ్ళే. మెదడులో ఆ రసాయనాన్ని సర్ది అది నొప్పిని తగ్గిస్తుంది, దాంతోపాటు స్పర్శ కూడా మొద్దుబారుతుంది. "అబ్బా" అనేవాళ్ళు లేకపోతే, ముప్పయ్యేళ్ళుగా గాజులు తొడుగుతున్న మనిషికైనా ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? ఆ పూట అప్పటికే ఇద్దరి చేతులు కోసుకుపోయాయి.

సీమంతం గాజులకని వచ్చిన ఏడు నెలల గర్భిణి హైమవతి చెయ్యి చాచింది.

"నొప్పెడితే చెప్పమ్మా."

"ఏమీ లేదు పిన్నీ, ఎక్కించండి."

నాలుగో గాజు పుటుక్కున విరిగి నెత్తురు వచ్చింది. అది ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది హైమవతి.

"ఆ బిళ్ళ తీస్తేనే తొడుగుతాను. లేదంటే వేరే కొట్టు చూసుకో," అంది మస్తాన్‌బీ, గాయానికి పసుపు అద్దుతూ.

"నడుంనొప్పికి పెట్టుకున్నాను పిన్నీ. తీస్తే కూర్చోలేను."

"అయితే నిలబడు."

సణుగుతూనే హైమవతి బిళ్ళ తీసింది. కాసేపటికి చెయ్యి భగ్గుమంది, నడుం పట్టేసింది. అంతలోనే ఉలిక్కిపడి, మస్తాన్‌బీ చేతిని లాక్కుని పొట్టమీద పెట్టుకుంది.

"కదులుతోంది పిన్నీ. రెండు వారాలుగా నాకేమీ తెలియడం లేదు. డాక్టరమ్మ బాగానే ఉందన్నా నమ్మలేక ఏడుస్తున్నాను."

అరచేతికి గట్టిగా ఒక తన్ను తగిలింది. మస్తాన్‌బీ రెండో చేత్తో నెత్తి కొట్టుకుంది.

"పాపం, ఎన్నాళ్ళుగా తలుపు కొడుతోందో ఈ బిడ్డ. ఇంట్లో నువ్వుంటే కదా, పలకడానికి."