క్లబ్బువారి పళ్ళు

"హెల్మెట్, గ్లవుజులు, కోటు వచ్చాయి. ఇక ఆ పళ్ళు కూడా ఇచ్చెయ్," అన్నాడు మేనేజర్ మెక్‌ఫెయిల్.

బ్యాగు జిప్పు వేస్తున్న డారిల్ ఆగిపోయాడు. "నా పళ్ళా సార్?"

"నీవి మొన్ననే మంచు మీద రాలిపోయాయిగా! ఇవి క్లబ్బు కట్టించినవి. రెజైనా జట్టుకి నిన్ను ఇచ్చాం గానీ, పళ్ళతో కలిపి ఇవ్వలేదు."

"ఆ రెజైనా ఆటగాడు బుషే మన గోల్‌కీపర్ మీద హాకీ కర్ర ఎత్తితే, అడ్డం వెళ్ళి పోగొట్టుకున్నాను సార్."

"అందుకే కదయ్యా, ఎప్పటికీ నువ్వు మా ఇంటి మనిషివి," అని మెక్‌ఫెయిల్ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ రెండో చెయ్యి చాపాడు.

డారిల్ ముందుపళ్ళు ఊడదీసి ఆ చేతిలో పెట్టాడు. ఐస్ హాకీ ఆడుతూ ఊరూరా తిరిగినవాడికి పెట్టె సర్దుకోవడం కొత్త కాదు. నోరు కూడా ఖాళీ చేసి వెళ్ళడం మాత్రం ఇదే మొదలు.

కారెక్కగానే ఫోన్ మోగింది. చేసింది అతని అసలు పళ్ళు రాలగొట్టిన బుషేయే. రేపటినుంచి ఇద్దరిదీ ఒకే జట్టు.

"సామాను తర్వాత దింపుకోవచ్చు, ముందు మా ఇంటికి రా. మా ఆవిడ నీకోసం బఠాణీ సూప్ చేస్తోంది. నమిలే పనుండదు."

"పళ్ళు తీసేసుకున్నారని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? నేనూ ఒకప్పుడు మెక్‌ఫెయిల్ ఇంటి మనిషినే."