అడ్డం పెట్టిన కాలు

డాన్సు క్లాసు గుమ్మంలోనే నాన్న ఆగిపోయారు. వెనక నలుగురు చేతికర్రలతో క్యూ కట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి పట్టి లాగాను.

"మొండికేయకండి నాన్నా. పార్కిన్సన్స్‌కి డాన్సు మంచిదని డాక్టరే చెప్పారుగా."

"లాగకండి. లాగినకొద్దీ బిగుసుకుపోతారు," అంటూ డాన్సు టీచరు వచ్చి, తన పాదాన్ని నాన్న పాదాల ముందు అడ్డంగా పెట్టింది. బోర్లా పడతారని గబుక్కున ఆయన భుజం పట్టుకున్నాను.

"బాబాయ్ గారూ, నా కాలు తొక్కకుండా దాటండి. ఒకటీ, రెండూ..."

నాన్న అవలీలగా దాటేశారు. దాటి, పాటకు తగ్గట్టు నాలుగడుగులు వేసి, పందెం గెలిచినవాడిలా నా వైపు చూశారు.

"గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోతాయండీ," అంది టీచరు నాతో. "కొందరికి జబ్బు బయటపడకముందు నుంచే ఉంటుంది. ఇంట్లోవాళ్లేమో పొగరనుకుంటారు."



రెండేళ్ల క్రితం, ఆసుపత్రిలో అమ్మ ఆఖరి గంట. నాన్న ఆ గది గుమ్మంలో నిలబడిపోయారు. పిలిచాను, లాగాను, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నేలకేసి చూస్తూ ఉండిపోయారు తప్ప ఒక్క అడుగు లోపలికి వెయ్యలేదు. అప్పటికి ఏ డాక్టరూ ఏ జబ్బు పేరూ చెప్పలేదు.

"మీ నాన్న ఏరే?" అని అడిగింది అమ్మ.

"గుమ్మంలోనే ఉన్నారు. లోపలికి రానంటున్నారు," అని చెప్పింది నేనే.

అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది.