రెండో పైలట్

“మీ సీరియల్ టైమ్ కదండీ, రిమోట్ ఇవ్వనా?” అంది భార్గవి.

“వద్దులేమ్మా, నీ రోబోల కార్టూనే చూద్దాం” అంటూ పక్కన చేరింది సాయిలక్ష్మి. సవతి తల్లిగా బందరు వచ్చి నెలైనా, ఆ పిల్ల తన ముఖంకేసి చూసి మాట్లాడింది లేదు. “బాగుందే ఇది!”

“రెండో భాగమండీ. బొమ్మలూ, యుద్ధాలూ మొదటిదానికన్నా బాగుంటాయి. పాత పైలట్ చచ్చిపోయిందని ఆవిడ రోబోని ఈమెకిచ్చారు. అదే బాలేదు.”

“బానే నడుపుతోందిగా?”

“బానే నడుపుతుంది, పాపం.”

“మరేం చేస్తే నచ్చుతుంది నీకు?”

“ఏం చేసినా నచ్చదండీ.”

ప్రకటనలొచ్చాయి. భార్గవి ఇటు తిరిగింది. సాయిలక్ష్మి ఆశగా నవ్వింది. పిల్ల చూపు ఆమె మెడ దగ్గరే ఆగింది. చనిపోయిన మొదటి భార్య పేరిట పెళ్లిలో కట్టిన సవతమ్మ బిళ్ల మీద.

సాయిలక్ష్మి చప్పున చెంగు కప్పుకుంది.

“దాచకండి” అంది భార్గవి. “అమ్మని చూస్తున్నా.”