మంచం మీద జాగా

"మీ మంచం మీద ఎంతమంది పడతారండీ?" అని అడిగాడు రాయ్స్.

ఆర్డిత్ చేతిలోని కాఫీ కాస్త ఒలికింది. అరవై నాలుగేళ్ళ ఆడమనిషిని పొద్దున్నే, ఎడారి మధ్యలో, మడత కుర్చీలో కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

"నేనూ, మా బటనూ. కాస్త ముడుచుకుంటే ఇంకొకరు," అంది. పేరు వినగానే ఆమె కాళ్ళ దగ్గరున్న చిన్న కుక్క తోకాడించింది.

"ఒక్కరేనా?" ఆయన ముఖం చిన్నబోయింది.

"మనసుండాలి గానీ, ఎందరైనా సర్దుకుంటారు లెండి."

అరిజోనా ఎడారిలో చలికాలం గడిపే ట్రక్కుల వాళ్ళు ఒకరి మంచం గురించి ఒకరు అడగడం తప్పేమీ కాదు. ట్రక్కు వీపున ఎక్కించిన బుల్లి గదే ఇల్లు. డ్రైవరు సీటు నెత్తిన ఉన్న పరుపే పడకటిల్లు. పరుపు, హీటరు, బ్యాటరీ, ఇదే ఇక్కడి లోకాభిరామాయణం. అయినా రాయ్స్ తీరు వేరు. ఐదు రోజుల క్రితం డాట్, జిన్నీ అనే రెండు పెద్ద ఆడకుక్కలతో వచ్చి పక్కన ట్రక్కు నిలిపాడు. అప్పటినుంచి ప్రశ్నలే ప్రశ్నలు. నిద్రలో బాగా దొర్లుతారా? రోజుకి ఎన్ని గంటలు నడుపుతారు? ఎండాకాలం ఎక్కడుంటారు? మోంటానా కొండల్లో, ఏటి పక్కన అని చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇల్లు కొనుక్కుని ఒకచోట స్థిరపడే ఆలోచనేమన్నా ఉందా?"

"చచ్చినా లేదు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. చక్రం తిరగందే నాకు నిద్ర పట్టదు."

"బీపీ, షుగరూ లాంటివి?"

"మీరేమన్నా ఇన్సూరెన్సు వాళ్ళా?"

"ఊరికే అడిగానండీ."

"మా అమ్మ తొంభై మూడేళ్ళు బతికింది. పోయే ముందు రోజు కూడా పేకాటలో నన్ను ఓడించింది."

రాయ్స్ "అమ్మయ్య" అన్నాడు. పైకే అన్నాడు.

ఈ సంగతంతా చెబితే ఎదుటి ట్రక్కు విల్మా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"నన్నూ అడిగాడే! మంచం మీద కుక్క బొచ్చు కనబడితే నాకు ఒళ్ళు మండుతుందన్నాను. అంతే, మళ్ళీ ఇటు తొంగి చూస్తే ఒట్టు."

"అంటే నాకంటే ముందు నిన్ను అడిగాడన్నమాట." ఆర్డిత్‌కి ఉక్రోషం వచ్చింది.

"ఏడుపెందుకే? పరీక్షలో నేను తప్పాను, నువ్వు గట్టెక్కావు. ఇవి పెళ్ళికొడుకు వేషాలు కాకపోతే మరేంటి?"

"నోర్ముయ్" అంది గానీ, ఆ మాట ఆర్డిత్ మనసులో తిష్ఠ వేసింది. భర్త గ్లెన్ పోయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆమె నిద్రలో దొర్లుతుందో లేదో అడిగిన మనిషి లేడు. ఒంటరితనం ఆమెకి అలవాటయింది, నచ్చలేదు.

ఆ సాయంత్రం కోడిని కాల్చి పట్టుకెళ్ళింది. రాయ్స్ రెండు ముక్కలు కొరికి, మిగతా మాంసం ఎముకలు తీసి కుక్కలకి పెట్టాడు. ఆయన బెల్టుకి కొత్తగా పొడిచిన చిల్లులు రెండున్నాయి. ప్రేమలో పడ్డవాడికి ఆకలుండదంటారు, నిజమే కాబోలు అనుకుని ఆర్డిత్ మురిసిపోయింది.

"మా హీటరు మొరాయిస్తోంది. ఈ ఒక్క రాత్రికి మా ఆడపిల్లలిద్దర్నీ మీ దగ్గర పడుకోబెట్టుకుంటారా?" అని అడిగాడు.

"మరి మీరో?"

"నాకు దుప్పట్లున్నాయి లెండి."

తెల్లవారేసరికి ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్ళు చూస్తే రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"ఏడ్చాయా? నా కోసం తలుపు గీకాయా?"

"ఏడవడమా! డాట్ నా కాళ్ళ మీద, జిన్నీ నా దిండు మీద, బటన్ గాడు నా వీపు వెనక. నేను గోడకి బల్లిలా అతుక్కున్నాను. ముగ్గురిదీ ఒకటే గురక."

రాయ్స్ చటుక్కున అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. పాపం, చలికి జలుబు చేసిందనుకుంది.

"మీతో ఒక పెద్ద మాట మాట్లాడాలి. నాలుగింటికి వస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఆర్డిత్ నాలుగు రోజులకి సరిపడా దాచుకున్న నీళ్ళు ఒక్క తలస్నానానికే ఖర్చుపెట్టింది.

నాలుగింటికి రాయ్స్ నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కాతో వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"అంత అవస్థ పడకండి," అంది ఆర్డిత్. "మీరేం అడగబోతున్నారో నాకు తెలుసు. నాకు సమ్మతమే."

"నిజంగానా? తర్వాత మనసు మార్చుకోరు కదా?"

"ఈ వయసులో మార్చుకోవడానికి తీరికెక్కడిది?"

రాయ్స్ కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. సంతోషం పట్టలేక మగవాడు అంతలా ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమెకీ కళ్ళు చెమర్చాయి. చొరవ చేసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అయితే ముందు ఎటు వెళదాం? మోంటానాయేనా?"

"మీ ఇష్టం. డాట్‌నీ జిన్నీనీ మాత్రం ఎప్పుడూ విడదీయకండి."

"నేనెందుకు విడదీస్తాను? పక్కన మీరూ ఉంటారుగా!"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"డాక్టరు నాకు నెల రోజులే గడువిచ్చాడండీ."