కొత్తరేవులో చూడవలసినవి

తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, మా ఆయన పోయిన రెండేళ్ళకు. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఈ కాగితం నింపడానికి నాలుగు రోజులు పట్టింది.

సంబంధం కొత్తరేవు నుంచి వచ్చింది. చీరాల అవతల, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. మా అమ్మాయి రమ్య, అక్కడి ప్రదీప్ ఫోన్లలో మాట్లాడుకుని మూడు నెలల్లో అంతా వాళ్ళే కుదిర్చారు. ఇక మిగిలింది మా అన్న మత్తయి ఒప్పుకోవడమే. మా ఇంట్లో ఆయన మాట దాటి పెళ్ళి జరగదు.

ఊరూ ఇల్లూ చూసుకోవడానికి నంద్యాలలో కారెక్కాం. మా అన్న, రమ్య, నేను.

“సీమ దాటి పిల్లనిచ్చింది మనింట్లో లేదు,” అన్నాడు మా అన్న, గిద్దలూరు కూడా రాకముందే. “నచ్చకపోతే మొగం మీదనే చెప్తా. నన్ను ఆపొద్దండి.”

“నచ్చుతాది మామా,” అంది రమ్య.

“నువ్వూరుకోమ్మే. నీకు పోకముందే నచ్చింది.”

రమ్య నవ్వి ఫోన్లోకి తల దూర్చింది. నేను దారి పొడవునా కొంగు ముడి వేస్తూ విప్పుతూనే ఉన్నాను. ఘాట్ రోడ్డు వల్ల అనుకున్నారు.

కొత్తరేవు సెంటర్లో ప్రదీప్, వాళ్ళ నాన్న జోసెఫ్ మాస్టారు నిలబడి ఉన్నారు. కొడుకు కొత్త చొక్కాలో, తండ్రి ఇస్త్రీ పంచెలో. ఇంట్లో వాళ్ళిద్దరే.

“అత్తపోరు ఉండదు. అదొకటి బాగుంది,” అని మా అన్న నా చెవిలో ఊదాడు.

మొదట లైట్‌హౌస్ చూపించారు. నూట నలభై మెట్లు. మా అన్న ఇరవై ఎక్కి కూలబడ్డాడు.

“పైన ఏముందప్పా?”

“సముద్రం కనిపిస్తుందండి,” అన్నాడు ప్రదీప్.

“కింద నుంచే కనిపిస్తాంది కదా. దీనికి మెట్లెందుకు?”

తరువాత చేపలు ఎండబెట్టే దిబ్బ. మా అన్న తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

“ఏందప్పా ఈ వాసన?”

“ఎండుచేపలండి. మా ఊరికి పేరొచ్చింది వీటితోనే.”

“ఊరి కంటే ముందు ఆ పేరే ఎదురొచ్చింది.”

ఆ తరువాత స్తంభాల మీద కట్టిన పచ్చరంగు భవనం. తుఫాను షెల్టర్ అట. గాలి ముదిరితే ఊరంతా బిందెలూ, బిడ్డలూ, కోళ్ళతో సహా దాంట్లోకి చేరతారట. ప్రదీప్ సంబరంగా చెబుతున్నాడు. మా అన్న ముఖం నల్లబడింది.

“చూడాల్సిన వాట్లో ఇదొకటా? మేము వాన రావాలని ప్రార్థన చేస్తాం. మీరు రావద్దని చేస్తారా?”

“రెండూ చేస్తామండి,” అన్నారు జోసెఫ్ మాస్టారు. “నెలను బట్టి.”

సంబంధం అక్కడే చెడిపోయిందనుకున్నాను. రమ్య నా చేయి గట్టిగా పట్టుకుంది.

చివరికి సముద్రం దగ్గరకు వచ్చాం. నేనూ రమ్యా చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాం. మాస్టారు ఒడ్డున ఆ చెప్పుల పక్కన కాపలా నిలబడ్డారు. కొంచెం అవతల జాలర్లు వరుసగా తాడు పట్టుకుని వల లాగుతున్నారు. ఊరు చూడడానికి వచ్చినవాళ్ళు కూడా ఒక చేయి వేయొచ్చన్నాడు ప్రదీప్.

“పట్టండప్పా, సీమోడి బలం చూపిస్తా,” అని మా అన్న పంచె ఎగగట్టాడు.

రెండుసార్లు లాగాడు. మూడోసారి తాడు జారింది. మా అన్న వెల్లకిలా పడ్డాడు. ఆయన మీదుగా ఒక అల హాయిగా దాటిపోయింది.

మాస్టారు పరుగెత్తుకెళ్ళి చంకల కింద చేతులు వేసి లేపారు. ఈలోగా నా చెప్పు ఒకటి నీళ్ళలో కొట్టుకుపోసాగింది. మా అన్నను ఇసుకలో కూర్చోబెట్టి, మళ్ళీ దాని వెనక నడుము లోతుకు పోయారు.

“ఎందుకండీ, పాత చెప్పు,” అని అరిచాను.

ఆయన వినలేదు. తెచ్చి, ఇసుక దులిపి, నా ముందు పెట్టారు.

ఇంటికి చేరాం. మా అన్న మాస్టారి పంచె, మాస్టారి చొక్కా వేసుకుని పీట మీద కూర్చున్నాడు. చొక్కా బొత్తాలు పట్టలేదు. రమ్య వంటింటి గట్టు ఎత్తు చూసింది. స్నానాల గదికి మెట్లున్నాయేమో చూసింది. “సరిపోతాది,” అంది.

చేపల పులుసుతో అన్నం తిన్నాం. మా అన్న మూడుసార్లు వేయించుకుని అప్పుడు పేచీ మొదలుపెట్టాడు.

“మా పిల్లకు దినామూ జొన్నరొట్టె ఉండాల. ఈడ దొరుకుతాదా?”

ప్రదీప్ నోరు తెరిచేలోగా వాళ్ళ నాన్నే అందుకున్నారు.

“చీరాల పోయి నేనే పిండి పట్టించుకొస్తానండి.”

మా అన్న తన ఒంటి మీది చొక్కా వైపు చూసుకున్నాడు.

“లేదని చెప్పాలనే వచ్చినా. ఆయన పంచె కట్టుకొని, ఆయన కూడు తిని, లేదని యెట్ల చెప్పేది? ప్రసన్నా, నువ్వేమంటావ్?”

రమ్య, ప్రదీప్ ఇద్దరూ ఒకేసారి నా ముఖంలోకి చూశారు. ఆ చూపులు చూసి కాదనడం ఎవరికి చేతనవుతుంది? తల ఊపాను.

పోయిన నెల నంద్యాలలో మా చర్చిలోనే పెళ్ళి జరిగింది. మా అన్న ముందు వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాటలు పాడాడు.

ఇట్లు, ఆ పెళ్ళికూతురు ప్రసన్నకుమారి, వయసు యాభై నాలుగు, ప్రస్తుతం మా ఆయన జోసెఫ్ మాస్టారి ఇల్లు, కొత్తరేవు.