తల లేని చిలక

ఆత్మకూర్ బస్టాండు ఎదురుగా మ్యూజియం ఒకటి వెలిసిందని గుర్వమ్మకు తెలియదు. బస్సు వచ్చేందుకు ఇంకా చాలా సేపుంది. బయట ఎండ మండిపోతోంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. అంతే, దూరింది. భర్త దశరథం మాత్రం వాకిట్లోనే బీడీ ముట్టించుకున్నాడు.

విరిగిన విగ్రహాలు ఆమె కంటికి ఆనలేదు. నగల గదిలోకి వచ్చేసరికి కాళ్లు కదల్లేదు. అద్దాల పెట్టెలో జత వెండి కడియాలు. వాటి మీద చిలకల వరుస. ఒక కడియానికి అతుకు దగ్గర చిలకకు తల లేదు.

అవి ఆమె తల్లివి, తర్వాత ఆమెవి. కూతురు యాదలక్ష్మి పెద్దమనిషి అయినప్పుడు తన కాళ్లవి ఉలితో కోయించి తీసి, పిల్ల కాళ్లకు పెట్టించింది. ఆ కోతలోనే చిలక తల పోయింది. పెట్టడమంటే మాటలా! అవుసుల రామచంద్రయ్య సుత్తితో కొట్టి బిగిస్తుంటే, పిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడ్చింది. మళ్లీ తీయాలంటే కోయక తప్పదు.

ఆ పిల్లే పెళ్లి కుదిరాక, డ్యాం పనికొచ్చిన ఒకడితో వెళ్లిపోయింది. తెల్లవారి దశరథమే చెప్పాడు, లారీ ఎక్కుతుంటే చూశానని.

"మన పరువు మన్నుల కలిపింది. ఇగ దాని పేరెత్తకు" అన్నాడు.

గుర్వమ్మ ఎత్తలేదు. కానీ ఒక్క పూటైనా మరిచింది లేదు.

శ్రీశైలం నీళ్లకు ఊరు మునుగుతుందన్నప్పుడు ఊరు ఊరంతా గుండెలు బాదుకుంది. దశరథం అందరికంటే ముందు బండి కట్టాడు. తలెత్తుకోలేని చోట ఉండలేకపోతున్నాడు పాపం అనుకుంది. ఆమె దిగులు వేరు. బిడ్డ ఎప్పుడైనా తిరిగొస్తే ఎవరి తలుపు తడుతుంది?

ఇప్పుడు ఈ కడియాలు! కష్టమొచ్చి అమ్ముకుని ఉంటుంది. అమ్ముకుందంటే బతికే ఉంది. ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉంది. గుర్వమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అద్దానికి ముఖం ఆనించి చూసింది. పాత అతుకు తప్ప కొత్త కోత ఎక్కడా లేదు. ఆనవాలు లేకుండా తీశాడంటే ఎవడో గట్టి పనివాడే అని మెచ్చుకుంది కూడా.

"ఇగో, ఇంటున్నవా? జర లోపలికి రా! పిల్ల కడియాలు!"

దశరథం గడప దాకా వచ్చాడు. అక్కడి నుంచే చూశాడు. బీడీ చేతిలోంచి జారిపోయింది.

"మనయి కావు. నడువు, బస్సొస్తది."

"నా కాళ్లకున్న కడియాలు నేను గుర్తువట్టనా?"

"కావంటే ఇనవా!"

విసురుగా వెళ్లిపోయాడు. ఈ మనిషి పంతం ఎన్నేళ్లకూ తగ్గదు అనుకుంది గుర్వమ్మ. బిడ్డ ఎదురుగా వచ్చి నిలబడితే ఆయనే కరుగుతాడు. ముందు దాని జాడ తెలియాలి.

కాపలా ఉండే షరీఫ్ గ్లాసుతో నీళ్లు తెచ్చాడు.

"ఎందుకమ్మా ఏడుస్తున్నవ్?"

"బిడ్డా, గీ కడియాలు ఎవరు అమ్మిన్రు? మనిషి ఎట్లున్నది? బక్కగైందా? చంకల పిల్లలు గిట్ల ఉన్నరా?"

షరీఫ్‌కు నవ్వొచ్చింది. "ఇవి వెయ్యేండ్ల కిందటియమ్మా. సార్లు గట్లనే రాసిపెట్టిన్రు."

"మా అమ్మ సొమ్ములు వెయ్యేండ్లయెట్లయితయి బిడ్డా! సార్లకేం తెలుసు? ఎవరు తెచ్చిన్రో చెప్పు, నీ కాల్మొక్త. నా పిల్లను చూసి ఎన్నేండ్లాయె."

ఆమె ముఖం చూసి షరీఫ్ నవ్వు ఆపుకున్నాడు. ఎవరో ఏమో, పెద్ద మనిషి, ఉన్న మాట చెబితే మనసు కుదుటపడుతుందనుకున్నాడు.

"ఎవ్వరు అమ్మలేదమ్మా, కృష్ణ ఒడ్డున మునిగే ఊరు ఖాళీ అయినంక సార్లు తవ్విస్తుంటే నేనే మట్టెత్తిన, దశరథం అనేటాయన ఇంట్ల ధాన్యం పాతర అడుగున, కాళ్ల ఎముకలకు తొడిగే ఉన్నయి."