తేలికైన వీధి

“చెత్తబండి మలుపు తిరిగింది! ఆ బకెట్ ఇటివ్వండి అత్తయ్యా!” కోడలు అరిచింది.

అత్తగారు మూత పెట్టిన బకెట్‌ను రెండు చేతులా పొట్టకి కరుచుకుంది. “ఇవ్వను. వారంగా ఈ కుళ్ళు తొక్కల మధ్యే స్నానం చేస్తున్నాను. స్నానాలగదిలో కాలు పెట్టే చోటు లేదు. ఇది ఇవాళ బండిలో పడాల్సిందే.”

“పడితే తూకంలో మన వీధి మునిగిపోతుంది! తక్కువ చెత్త ఇచ్చిన వీధికే ‘ఆదర్శ వీధి’ బోర్డు. ఇవాళే ఆఖరు తూకం. మనకి పోటీ ఎవరనుకున్నారు? వెనకవీధి లీడరు, సాక్షాత్తూ మీ అమ్మాయి. ‘మా గోడకి మేకు కొట్టి ఉంచాం వదినా, నువ్వు ఊరికే ఆయాసపడకు’ అంది నిన్న, చుట్టాలందరి ముందూ.”

అత్తగారు బకెట్ కింద పెట్టింది. “అంత మాటందా?”

“నవ్వుతూ అంది.”

“దాని నవ్వు నాకు తెలీదూ!” అత్తగారు బకెట్ తీసుకెళ్ళి స్నానాలగదిలోకి నెట్టి, తనే గడియ పెట్టింది. “ఒక పూట స్నానం లేకపోతే చచ్చిపోనులే. పద!”

కోడలు గుప్పెడు ఉల్లిపొట్టు ఉన్న సంచి పట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తింది. వీధిలో ఏ గేటు ముందు చూసినా అంతే చిన్న సంచి.

“మిగతాది ఎక్కడ దాచారు?” పక్కింటావిడ చెవిలో అడిగింది.

“దాచడమేంటండీ!”

“నా దగ్గరా! మా చేప పొలుసంతా ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉంది. ఎదురింటివాళ్ళు పాపాయి డైపర్లు కారు డిక్కీలో కుక్కారు. ఆయన పాపం బస్సెక్కి ఆఫీసుకి పోతున్నాడు.”

తమ ఇంట్లోనే ఈ దొంగపని అనుకుని వారమంతా సిగ్గుపడ్డ కోడలికి నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. “రేపు పొద్దున బండి రాగానే అందరం ఒక్కసారే కుమ్మరించేద్దాం!”

బండి ఆగింది. వీధి చెత్తంతా ఒక్క గోనెలో సరిపోయింది. కాటా ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. వెనకవీధికి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

“గెలిచింది మీరేనమ్మా!”

వీధి వీధంతా ఈలలు, చప్పట్లు. అత్తగారు ఆ ఊపులో కోడల్ని కావలించుకుంది. “ముందు మీ ఆడపడుచుకి ఫోన్ కొట్టవే! ఆ మేకుకి గొడుగు తగిలించుకోమను!”

గోడకి బోర్డు ఎక్కింది. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. “మీరు మా కళ్ళు తెరిపించారు. ఇంత కాస్త చెత్త కోసమా మేం ఇన్నాళ్ళూ ఇంత డీజిలు తగలేసింది, ఇంత పొగ మీ పిల్లల చేత పీల్పించింది!”

చప్పట్లు మిన్నంటాయి. అందరికన్నా గట్టిగా కోడలు కొట్టింది.

“అందుకే ఇప్పుడే ఫోన్‌లో పైవాళ్ళతో మాట్లాడి ఒప్పించాను. రేపట్నుంచి మీ వీధికి బండి నెలకి ఒక్కసారే వస్తుంది.”